కంపకు ఇవతల నిలబడిన మనిషి

ఆయన పోయిన సంగతి నాకు ఒక ఫ్లెక్సీ చెప్పింది. యెమ్మిగనూరులో ఉండే స్నేహితుడొకడు దాన్ని ఫోటో తీసి పంపాడు. పైన 'అశ్రునయనాలతో' అని పెద్ద అక్షరాలు, కింద అశ్రువులు కార్చినవాళ్ళ నవ్వు ముఖాలు ఒక ఇరవై, మధ్యలో ఆయన. కూర్చుని ఫోటో దిగే ఓపిక ఆయనకు ఏనాడూ లేదు కాబట్టి, ఎప్పుడో ఎవరో ఆయన కుక్కను ఎత్తుకుని ఉండగా తీసిన ఫోటోనే దొరికినట్టుంది. ఫ్లెక్సీ చేసినవాడు కుక్కను కత్తిరించాడు. ఒక చెవి మాత్రం ఆయన భుజానికి అంటుకుని ఉండిపోయింది. తెలియనివాళ్ళు ప్రింటింగు లోపం అనుకుంటారు. నేను చాలాసేపు ఆ చెవినే చూస్తూ కూర్చున్నాను.

ఆయన పేరు ఇక్కడ రాయను. రాసినా పెద్ద ఉపయోగం లేదు. ఆయనకొక పేరుందని ఊళ్ళో సగం మందికి ఆ ఫ్లెక్సీ చూశాకే తెలిసి ఉంటుంది. అందరికీ ఆయన 'కాంపౌండర్ సారు'. పశువుల ఆసుపత్రుల్లో ముప్ఫై ఏళ్ళు పనిచేసి రిటైరైనవాడు. రిటైరయ్యాక బర్రెలనూ ఎద్దులనూ వదిలేశాడు. "పెద్ద జీవాలకు పెద్ద డాక్టర్లుండారప్పా. వీల్లకే ఎవురూ లేరు" అనేవాడు. వీళ్ళంటే కుక్కలు.

నేను ఆయన దగ్గరికి చేరింది ఉద్యోగరీత్యా. ఆదోనిలో డిగ్రీ చేసి, బయటికి పోయి బయోటెక్నాలజీలో ఎమ్మెస్సీ చేసి, తిరిగొచ్చి, ఆ చదువుకు ఆదోనిలో ఉన్న ఉద్యోగాలన్నింటినీ పరిశీలించాను. దానికి ఎక్కువ సమయం పట్టలేదు. అప్పుడు దొరికింది ఒక పరిశోధనలో తాత్కాలిక సహాయకుడి పని. కుక్కల్లో పార్వో వైరసు ఎన్ని రకాలుగా మారుతోంది, ఏ ఊరినుంచి ఏ ఊరికి పోతోంది అన్నది విషయం. చెప్పుకోవడానికి బాగానే ఉంటుంది. చేసేటప్పుడు మాత్రం, జబ్బుపడిన కుక్కపిల్ల వెనక కూర్చుని, పుల్లకు చుట్టిన దూదిని పెట్టాల్సినచోట పెట్టి, ఒకసారి తిప్పి తీసి, గొట్టంలో వేసి, ఐసు పెట్టెలో దాచాలి. మా అమ్మ ఇరుగుపొరుగుతో "మావాడు వైరసుల మీద పనిజేస్తాండాడు" అని చెప్పేది. నేను సవరించలేదు.

పార్వో అంటే తెలియనివాళ్ళకు రెండు ముక్కలు. కుక్కపిల్ల నిన్నటిదాకా ఆడుతుంది. ఈరోజు తిండి ముట్టదు. రేపు వాంతులు, నెత్తుటి విరేచనాలు. ఎల్లుండి ఆ ఇంట్లో గిన్నె మాత్రం ఉంటుంది. మా వైపు జనం దానికి పేరు పెట్టే శ్రమ కూడా తీసుకోలేదు. "తగులుకునింది" అంటారు, అంతే.

నేను ఆయన్ను మొదటిసారి చూసింది మగ్గాలున్న ఒక సందులో. ఒక ఇంటి వాకిట్లో గొంతుక్కూర్చుని ఉన్నాడు. ముందు ఒక నల్ల కుక్కపిల్ల మెడ వాల్చేసి పడుకుని ఉంది. "ఏమప్పా, ఏమైంది మీకి? కన్ను కొంచెం సూపిస్తారా?" అని అడుగుతున్నాడు. ఇంటాయనను కాదు. కుక్కపిల్లనే.

నేను పక్కన నిలబడి నన్ను నేను పరిచయం చేసుకోవడం మొదలుపెట్టాను. "నువ్వు గమ్మునుండు," అన్నాడు తల ఎత్తకుండా. "ఈయన మాట్లాడినాంక నువ్వు మాట్లాడు."

అదీ పద్ధతి. కుక్కలకు 'మీరు', మనుషులకు 'నువ్వు'. ఇంటాయన పాపం వివరంగా చెబుతున్నాడు, మొన్న పాలన్నం పెట్టామని, నిన్న బిస్కెట్టు పెట్టామని. ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఏం తినిందో నాకొద్దప్పా. యాడ పండుకునిందో సెప్పు."

ఆ ఒక్క ప్రశ్నతో ఆయన రెండు తాలూకాల కుక్కల వంశవృక్షం గీయగలిగేవాడు. పిల్లను ఎవరింటినుంచి తెచ్చారు, ఆ ఇంట్లో తల్లి ఎక్కడ పడుకునేది, ఆ తల్లి ఈనినచోట అంతకుముందు ఏ పిల్లలు చచ్చాయి. కాగితం మీద ఏదీ పెట్టలేదు. మా పరిశోధనకు అదే పెద్ద ఇబ్బంది. పరిశోధన నడిపే మా పెద్దాయన ఫోన్ చేసి "ఆధారమేమిటి?" అని అడిగితే, "కాంపౌండర్ సారు చెప్పారండీ" అని నేను. దాన్ని పట్టికలో ఏ గడిలో రాయాలో ఇద్దరికీ తెలియలేదు.

ఆయనకు జీవితంలో ఒకే ఒక శత్రువు. గోనెసంచి. మా పల్లెల్లో కుక్కపిల్లను తెచ్చుకునేటప్పుడు, తల్లి పడుకున్న గోనెపట్టలోనుంచి ఒక ముక్క చించి, పిల్లతోపాటు తెచ్చుకుంటారు. తల్లి వాసన ఉంటే పిల్ల కొత్త ఇంట్లో ఏడవదని. ప్రేమతో చేసే పనే. ఆ ముక్కలో వాసనతోపాటు ఇంకేమేం ప్రయాణం చేస్తాయో ఎవరికీ తెలియదు. పార్వో మామూలు సబ్బుకు చావదు. నేలలో, బట్టలో నెలల తరబడి కూర్చుంటుంది. కాంపౌండర్ సారు ఏ ఇంటికి పోయినా ముందు గోనె ముక్క వెతికేవాడు, దొరికితే దిబ్బ దగ్గర కాల్చేవాడు.

"గోనె లేకుంటే మూడు దినాలు ఏడుస్తాది సారూ."

"ఏడ్సనీప్పా. బతికున్నెవే ఏడుస్తాయి."

ఐసు పెట్టెతో మేమిద్దరం ఆదోనికీ యెమ్మిగనూరుకూ మధ్య బస్సుల్లో ఎన్నిసార్లు తిరిగామో లెక్కలేదు. ఒకసారి కండక్టరు పెట్టెను కాలితో తట్టి, "ఏందప్పా, చేపలా? చేపలైతే పైన పెట్టు" అన్నాడు. నేను "శాంపిల్సన్నా" అని తప్పించుకోబోయాను. సారు ఊరుకోలేదు. "కుక్కల పెంటికప్పా. జబ్బు కుక్కలది" అన్నాడు, బస్సంతా వినేటట్టు. మా ముందు సీటూ పక్క సీటూ ఖాళీ అయ్యాయి. ఆయన కాళ్ళు బారజాపుకుని ఆదోని దాకా హాయిగా నిద్రపోయాడు.

ఇంకోరోజు ఆదోని బస్టాండు దగ్గర ఉగ్గాని బజ్జీ తింటూ, "ఈ వైరసులో రకాలంటాండావే, ఏంటియ్యి?" అని అడిగాడు.

"మూడు సార్. టూ-ఏ, టూ-బీ, టూ-సీ."

"పేర్లు పెట్టినోడు బస్సు డిపోలో పనిజేసినట్టుండాడే. తేడా ఏంది?"

వైరసు పైపొరలో ఒకచోట ఒక్క ముక్క మారుతుందనీ, దాన్నిబట్టే రకం చెబుతామనీ అన్నాను. అదికాక దాని జన్యువుల రాతలో అక్కడక్కడా చిన్న చిన్న అక్షరాల తప్పులు పడుతుంటాయి. ఏ రెండు ఊళ్ళ వైరసుల్లో ఒకే తప్పు ఒకేచోట ఉంటే, ఒకదాన్నుంచి ఇంకొకటి వచ్చినట్టు.

ఆయన మిరపకాయ బజ్జీని గాల్లో పట్టుకుని ఆలోచించాడు. ఆయన మగ్గం ఇంట్లో పుట్టినవాడు. "మా నాయన చీర మడత ఇప్పీ ఇప్పకముందే ఇది ఫలానా ఇంటి మగ్గమని సెప్తాండె. అంచులో పోగు యాడ తప్పిందో సూసి. తప్పు లేని చీర ఎవురిదో ఎట్ల సెప్తావు? తప్పుంటేనే ఇల్లు తెలుస్తాది. ఇంతే గదా మీ సైన్సు?"

నా ఎమ్మెస్సీలో దీన్ని రెండు సెమిస్టర్లు చెప్పారు. ఆయన బజ్జీ చల్లారకముందే ముగించాడు.

ఆ నాయన నేసిన తువ్వాలు ఒకటి ఎప్పుడూ ఆయన భుజం మీద ఉండేది. తెల్లది, ఎర్రంచు. దానికి ముఖం తుడుచుకోగా నేను చూడలేదు. నీరసించిన పిల్లను అందులో చుట్టి, చొక్కా గుండీలు విప్పి, తన పొట్టకు ఆనించి పట్టుకునేవాడు. "సెలైను తర్వాత. ముందు ఎచ్చన కావాల." రోజూ సాయంత్రం ఆ తువ్వాలను సబ్బుతో ఉతికి ఎండేసేవాడు, ఉతికానన్న ధీమాతో. ఒకే రోజు రెండు ఊళ్ళు తిరగాల్సివస్తే మధ్యలో ఉతకడానికి వీలుండదు కదా అన్న ఆలోచన ఆయనకూ రాలేదు, వైరసుల మీద పనిచేస్తున్న నాకూ రాలేదు.

ఆ వానాకాలం ఆదోనిలో, ఊరి బయట ఒక జిన్నింగ్ మిల్లులో వాచ్‌మన్ సాకే కుక్కకు ఐదు పిల్లలు. దూది తుక్కు మీద మెత్తగా పుట్టాయి, అక్కడే తగులుకుంది. పొద్దున్నే పోయాం. నేను శాంపిల్సు తీసుకుని బయటికొచ్చాను. ఆయన ఒక పిల్లను తువ్వాల్లో చుట్టుకుని గోడకానుకుని కూర్చున్నాడు. కొంతసేపు చూసి వాచ్‌మన్, "జానే దేవ్ సాబ్, నై బచ్తా" అన్నాడు, ఇక బతకదు వదిలేయమని.

"ఇంగా పోలేదు గదప్పా" అన్నాడు ఆయన. అది పోయేదాకా, అంటే ఇంకో గంట, అట్లాగే కూర్చున్నాడు. తర్వాత నేను శాంపిల్సు పంపే పనిమీద ఆదోనిలోనే ఉండిపోయాను. ఆయన యెమ్మిగనూరు బస్సెక్కాడు.

ఇంటికి పోలేదు. సి.బెళగల్ వైపు, పేరు చెప్పుకునేంత పెద్దది కాని ఒక పల్లెలో ఈరమ్మ అని గొర్రెలు కాసుకునే ఆమె ఉంది. ఆమె ముసలి కుక్క ఈనింది, అదే దాని ఆఖరి ఈత. పిల్లలకు కడుపులో పురుగులు పోయే మందు వేస్తానని ఆమెకు మాటిచ్చి ఉన్నాడు. మాట కాబట్టి అటునుంచి అటే పోయాడు. పోయేసరికి జల్లు పడుతోంది. నాలుగు పిల్లలూ తడిసి వణుకుతున్నాయి. ఆయన ఏం చేసి ఉంటాడో చెప్పనవసరం లేదు. ఒక్కొక్కదాన్నే తువ్వాలుతో ఒళ్ళంతా తుడిచి, మందు వేసి, ఈరమ్మ ఇచ్చిన టీ తాగి వచ్చాడు.

వారం తిరిగేలోగా మూడు చచ్చాయి. నాలుగోదానికి శాంపిలు తీయడానికి నన్నూ వెంటబెట్టుకుని పోయాడు. అది మేము ఉండగానే పోయింది. ఈరమ్మ ఏడవలేదు. తోడేళ్ళు తిరిగే చోట్ల కుక్క లేని మంద అంటే ఏమిటో ఆమెకు తెలుసు. ముసలి కుక్కకు లేచే ఓపిక లేదు, పిల్లలు లేవు.

"గోనె యాడిదమ్మా?" అని సారు అడిగాడు, అలవాటుగా.

"గోనె లేదు, ఏమీ లేదన్నా. ఈడనే పుట్టినాయి, ఈడనే పెరిగినాయి. బయటి కుక్క ఈ ముండ్ల కంప దాటి వచ్చిందే లేదు." ఆమె పక్క గుడిసె వైపు చూసింది. "బయటి మనిషి వచ్చినాదేమో."

పక్క గుడిసె ఆమె తోడికోడలు సుంకమ్మది. రెండిళ్ళ గొర్రెలూ ఒకే మందగా కలిసి మేసేవి. పిల్లల్లో ఒకటి తనకివ్వమని సుంకమ్మ అడిగిందట, ఈరమ్మ ఇంకా చూద్దామందట. ఇయ్యనందుకు అన్నంలో విషపు మందు కలిపిందని ఈరమ్మ లెక్క. నేను ఇది మందు కాదు, వైరసని చెప్పాను. ఆమె నన్ను జాలిగా చూసింది. మందకు ఆ వారమే కంప అడ్డం పడి రెండైంది. ఒక మంద తూర్పుకు, ఒకటి పడమరకు, ఒక్కొక్క ఆడమనిషి వెనక. అట్లా విడిపోయిన నెలకే తోడేలు సుంకమ్మ గొర్రెపిల్లను ఎత్తుకుపోయింది. సాయానికి కేక వేస్తే అవతలి పొలంలోనుంచి ఈరమ్మ కదల్లేదని పల్లెంతా చెప్పుకుంది.

ఫలితాలు వచ్చేసరికి ఇంకో రెండు నెలలు. యెమ్మిగనూరులోనూ చుట్టుపక్కలా మేము తీసినవన్నీ టూ-ఏ. మిల్లు పిల్లలవి టూ-సీ, పైగా అందులో ఒక అక్షరం తప్పు, మా నమూనాల్లో ఇంకెక్కడా లేనిది. ఇంకెక్కడా అన్నాను గానీ ఒకచోట ఉంది. ఈరమ్మ నాలుగో పిల్లలో.

కాగితం తీసుకుని ఆయనింటికి పోయాను. నాకు అదొక వింతలాగా ఉంది. ఉత్సాహంగానే చెప్పాను. "ఆదోని మిల్లు వైరసు ఆ మారుమూల పల్లెకు ఎట్లా పోయిందో సార్! మధ్యలో ఎక్కడా లేదు."

ఆయన కాగితాన్ని మోకాలి మీద పరుచుకుని, ఆ రెండు వరుసల మీదా వేలుపెట్టి, తప్పు దగ్గర ఆపాడు. చాలాసేపు వేలు తీయలేదు.

"మిల్లుకు పోయిన దినం వాన పడిండె గదా సాయంత్రం," అన్నాడు.

నేను అప్పుడు చూశాను. ఆయన భుజం మీది తువ్వాలు తీశాడు. మడిచాడు. తనకు దూరంగా నేల మీద పెట్టాడు, అదేదో కరిచేదన్నట్టు.

ఏదో ఒకటి అనాలి కాబట్టి సైన్సు మాట్లాడాను. ఇది రుజువు కాదనీ, ఇంకో దారిన కూడా వచ్చి ఉండొచ్చనీ, మేము కాగితంలో 'మూలం తెలియలేదు' అనే రాస్తామనీ చెప్పాను. "మీరు చెప్పకపోతే ఎవరికీ తెలియదు సార్."

"నాకి తెల్సింది గదప్పా. నేను ఎవురూ కాదా?"

కాగితం నాకు తిరిగిస్తూ, "ఆ సుంకమ్మకు కూడా తెల్లేదు, తాను మందు పెట్టలేదని రుజువు చేసేదెట్లనో" అన్నాడు.

తువ్వాలను ఆ సాయంత్రమే పెరట్లో కాల్చాడు. ఇన్నేళ్ళూ ఊరివాళ్ళ గోనెలు కాల్చినట్టే, కట్టెపుల్లతో తిప్పుతూ, అంచు కూడా మిగలకుండా. "మా నాయన నేసిన దాంట్లో ఇదే మిగిలిండె" అన్నాడు. నేను ఏమీ జోకు వేయలేదు. దాన్ని నా జీవితంలో ఒక సంయమనంగా చెప్పుకుంటాను.

మర్నాడు పొద్దున్నే పల్లెకు పోయాం. పల్లె మొదట్లోనే చెప్పులు విప్పి సంచిలో వేసుకుని, బ్లీచింగు నీళ్ళతో కాళ్ళు కడుక్కున్నాడు. ఈరమ్మ దొడ్డి చుట్టూ వేసిన కంప దగ్గర ఆగిపోయాడు. ఆమె అవతల, గుడిసె ముందు, ముప్ఫై అడుగుల దూరంలో ఉంది.

"వచ్చినావాన్నా? లోపలికి రా."

"రాను! ఈడనే ఉంటా. ఒక మాట సెప్పిపోతా."

ఎదురుగాలి. గొర్రెల అరుపులు. చెవిలో చెప్పుకోవాల్సిన మాటను ఆయన కేకేసి చెప్పాల్సివచ్చింది, దగ్గరికి పోకూడదని తనకు తానే పెట్టుకున్న నియమం వల్ల.

"నీ కుక్కపిల్లలకు జబ్బు తెచ్చింది నేనే ఈరమ్మా! ఆదోనిలో సచ్చిన పిల్లను తువ్వాల్లో సుట్టుకున్న్యా. ఆ తువ్వాలుతోనే నీ పిల్లల్ని తుడిస్తి!"

అప్పటికే అటూ ఇటూ గుడిసెల్లోనుంచి జనం బయటికొచ్చారు. పక్క గుడిసెలోనుంచి సుంకమ్మ వచ్చింది, చేతులకు జొన్నపిండి.

"ఇంగోసారి సెప్పు సారూ," అంది. "అందరికీ ఇనపడాల."

ఆయన ఇంకోసారి చెప్పాడు. సుంకమ్మ దయతలచి, "ఆ సివర నిలబడినోల్లకు ఇనపడిందో లేదో" అంది. ఆయన మూడోసారీ చెప్పాడు, ఇంకొంచెం గట్టిగా, చేతులు కట్టుకుని. ముప్ఫై ఏళ్ళ సర్వీసులో ఆయనకు అంతమంది శ్రోతలు ఎప్పుడూ దొరికి ఉండరు.

సుంకమ్మ తోడికోడలి వైపు తిరిగింది. "మందు పెట్టలేదని దేవుని ముందర ప్రమాణం జెయ్యమంటివే. ఇప్పుడు ఎవురు జేస్తారు ప్రమాణం? సెప్పు. మూడు నెల్లు నా ముకం సూల్లేదు. నా గొర్రెపిల్లను తోడేలు ఎత్తకపోతాంటే కూడా సూల్లేదు."

ఈరమ్మ ఆయన వైపు చూసింది, నేల వైపు చూసింది. తర్వాత, "ముందర ఆయప్పకు నీల్లియ్యి. ఎండలో నిలబడుండాడు" అంది.

మూడు నెలల్లో ఆమె తోడికోడలితో ఆడిన మొదటి మాట అది. అది క్షమాపణ అని నాకు తట్టలేదు. సుంకమ్మకు తట్టింది. చెంబు తేవడానికి లోపలికి పోయింది, పోతూ పోతూ ఏదో తిట్టుకుంది గానీ, పోయింది.

"ఇప్పుడన్నా రా లోపలికి," అంది ఈరమ్మ. "రొట్టె కాలుతాంది."

"రాను. పిల్లలు పోయినప్పటినుంచి ఆరు నెల్లు ఈ కంప దాటేది లేదు. నువ్వు కొత్త పిల్లను తెచ్చుకునేది గూడా లేదు. మన్నులో ఉంటాది అది."

అప్పుడు వచ్చింది ఆమెకు కోపం. "నాలుగు కుక్కల్ని సంపినావు. ఏమన్నా అంటినా నిన్ను? నా ఇంటికాడికొచ్చి తినకుండా పోతానంటే మాత్రం అంటా. ఊరంతా పిల్సి అంటా!"

చివరికి ఒక ఒప్పందం కుదిరింది. ఈరమ్మ జొన్నరొట్టె మీద ఊరిబిండి పచ్చడి వేసి తెచ్చి, కంప పక్కన ఒక బండ మీద పెట్టి, వెనక్కి పోయింది. ఆమె పోయాక ఆయన ఇవతలనుంచి చెయ్యి చాపి తీసుకున్నాడు. మా వైపు ఇట్లా దూరంగా పెట్టి వెనక్కి జరగడం కొత్త కాదు. ఎవరికి పెడతారో, ఎందుకు పెడతారో కూడా అందరికీ తెలుసు. అయితే ఆ దూరాన్ని తినేవాడే అడిగి మరీ పెట్టించుకోవడం నేను చూసింది అదొక్కసారే. ఆయన నిలబడే తిన్నాడు. ఈరమ్మ, సుంకమ్మ అవతల పక్కపక్కన నిలబడి, ఎంత తింటున్నాడో చూశారు.

మందలు మళ్ళీ కలిశాయి. ఆ కబురు మాకు నెల తర్వాత చేరింది. ఇంకో కబురు మాత్రం మేము బస్సు దిగేలోపే యెమ్మిగనూరు చేరింది. వైరసు కంటే వేగంగా పాకేది ఒకటుందని మా పరిశోధనలో నేను రాయలేకపోయాను. కాంపౌండరు పోయిన ఇంట్లో కుక్క బతకదంట. ఆయన సంచిలోనే జబ్బు తెస్తాడంట, తర్వాత సూది వేస్తాడంట. ఇద్దరు ముగ్గురు నన్నే అడిగారు, నిజమేనా అని. నేను వివరించబోతే, వాళ్ళు విన్నది 'నిజమే' అన్న మాట ఒక్కటే.

ఫోన్లు ఆగిపోయాయి. ఆయన వాకిట్లో కుర్చీ వేసుకుని, గుమ్మం ముందు బ్లీచింగు నీళ్ళ బకెట్టు పెట్టుకుని కూర్చునేవాడు. రోజూ పొద్దున నీళ్ళు మార్చేవాడు. అందులో కాలుపెట్టేవాడు నేనొక్కణ్ణే.

"ఈరోజు ఎవరన్నా పిలిచినారా సార్?"

"పిలిస్తే ఈడెందుకుంటా?"

"జనానికి అర్థం కాలేదు సార్, వాళ్ళు..."

"బాగనే అర్థమైంది. వాల్లు సెప్పేది తప్పేం గాదు గదప్పా," అనేవాడు. దాంట్లో బాధ వెతికాను. కనిపించనివ్వలేదు. కానీ ఆ నెలల్లో ఆయన వీధి కుక్కల దగ్గరికి కూడా పోవడం మానేశాడు. అవి వాకిట్లోకి వస్తే కుర్చీలోనుంచి లేచి లోపలికి పోయేవాడు. చేతులు ఎప్పుడూ వెనక్కి కట్టుకునే ఉండేవాడు. నాకు కాగితం ఇవ్వాల్సివచ్చినా గట్టు మీద పెట్టి "తీసుకో" అనేవాడు. నేను కుక్కను కానని గుర్తుచేశాను. పెద్దగా నవ్వలేదు.

నా తాత్కాలిక ఉద్యోగం, తాత్కాలికం అన్న మాటకు కట్టుబడి, ఆ చలికాలం అయిపోయింది. కర్నూలులో ఇంకో పని దొరికింది. చెప్పిపోదామని ఒక పొద్దున ఆయనింటికి పోయాను. కూర్చుని పది నిమిషాలైందో లేదో, ఈరమ్మ వచ్చింది. చంకలో బుట్ట. ఎవరూ చెప్పకముందే చెప్పులు విప్పి, బకెట్టులో ఒక కాలు, ఇంకో కాలు ముంచింది. బుట్టలో గోధుమరంగు పిల్ల, రెండు నెలలది ఉంటుంది. కింద గోనె లేదు. వేపాకు పరిచి ఉంది.

"ఆరు నెల్లు అయిపాయె మొన్నటికి," అంది. "లెక్కపెట్టుకుంటి. దేవనకొండ కాడ మా సెల్లెలింటి నుంచి తెస్తి. గోనె ఇస్తానంటే వద్దంటి. ఈ మహాతల్లి ఏడ్సి ఏడ్సి బస్సులో నా మానం తీసింది. ఇంగా ఇంటికి తీస్కపోల్లేదు. ముందర సూది ఎయ్యి. నీ సెయ్యి పడినాంకనే ఇల్లు."

ఆయన లేచాడు. చేతులు మోచేతుల దాకా కడుక్కున్నాడు. తుడుచుకోలేదు, ఆరేదాకా గాల్లో పట్టుకుని నిలబడ్డాడు. మళ్ళీ కడుక్కున్నాడు.

"సాల్లే అన్నా. తోలు ఊడొస్తాది."

"నువ్వు పట్టుకో ఈరమ్మా. నేను పట్టుకోను. సూది మాత్రం ఏస్తా."

"కాంపౌండరు నువ్వా, నేనా?"

పక్క మందుల షాపు నుంచి నేను టీకా తెచ్చాను. ఆమె పట్టుకుంది, ఆయన వేశాడు. వేసేటప్పుడు ఒక్క వేలు కూడా పిల్లకు తగలకుండా వేశాడు. అంత నైపుణ్యం చూడటానికి ఏం బాగుండదు.

అయిపోయాక ఈరమ్మ బుట్ట సర్దుకుంటుందనుకున్నాను. ఆమె పిల్లను మెడ పట్టుకుని ఎత్తి, కుర్చీలో కూర్చోబోతున్న ఆయన ఒళ్ళో పడేసింది. "నాకి బజారులో పనుంది. ఎండలో దీన్ని ఎత్తుకోని యాడ తిరిగేది? సాయంత్రం వస్తా. అంతవరకు నీ దగ్గరుండనీ" అని, ఆయన వద్దనేలోపే మెట్లు దిగిపోయింది.

ఆయన రెండు చేతులూ పైకెత్తి పట్టుకుని ఉన్నాడు, ఎవరో తుపాకీ చూపించినట్టు. పిల్ల నాలుగుసార్లు తిరిగి, పంచె మడతల్లో ముడుచుకుంది. కొంతసేపటికి ఒక చెయ్యి దిగింది. ఇంకొంతసేపటికి రెండోది.

మధ్యాహ్నం ఇంట్లోవాళ్ళు అన్నానికి పిలిచారు. ఆయన కదల్లేదు. నేను బస్సుకు పోవాల్సినవాణ్ణి, ఏం చూడటానికో నాకే తెలియక, ఉండిపోయాను. నీళ్ళు తెచ్చిస్తే తాగాడు, గ్లాసు నా చేతికే ఇచ్చాడు. ఎండ వాకిట్లోనుంచి గోడ మీదికి ఎక్కింది.

ఈరమ్మ వచ్చేసరికి సాయంత్రం నాలుగు దాటింది. పిల్లను తీసి బుట్టలో పెట్టుకుంది. ఆయన లేవబోయి మళ్ళీ కుర్చీలో కూలబడ్డాడు. కాళ్ళు రెండూ తిమ్మిరెక్కి స్పర్శ లేకుండా పోయాయి.

"సూది దానికి ఏస్తివా, నీకే ఏసుకుంటివా?" అంది ఈరమ్మ. బుట్టను చంకలోకి జరుపుకుని, రెండో చెయ్యి ఇచ్చి ఆయన్ను లేపింది.